నా మెట్లు లెక్కపెట్టిన మనిషి

నేను ఒక వెదురు నిచ్చెనను. చదువు రాదు గానీ లెక్క కాస్త వచ్చు. నన్ను ఈ గతికి తెచ్చినవాడు నరసాపురం తవుడు వ్యాపారి గ్రంధి మాణిక్యాలరావు. ఆ పేరు నేను మర్చిపోను.

నన్ను చేసినవాడు మేదరి మనిషి. రెండు గట్టి బొంగులు చూసి, మెట్టుకూ మెట్టుకూ పద్నాలుగంగుళాల ఎడం వదిలి, పద్నాలుగు మెట్లు బిగించాడు. సరా బేసా అని ఆలోచించలేదు. మనిషి కాలు ఎంత సాగుతుందో ఆలోచించాడు. రంగులేసే సోంబాబు నన్ను కొని ఆరేళ్లు భుజాన మోశాడు. ఒక్కసారీ నా మీంచి పడలేదు.

మాణిక్యాలరావు కొత్త డాబా కట్టాడు. వాకిలి పైన ఎత్తుగా గోడ లేపి, దాని నెత్తిన సిమెంటు లక్ష్మీదేవిని కూర్చోబెట్టించాడు. శుక్రవారం గృహప్రవేశం.

"ఈ వీధిలో మా బావమరుదులవి ఇంకో మూడిళ్లు లేస్తున్నాయి. అమ్మవారు కళకళ్లాడిందా, అవీ నీకే సోంబాబూ," అన్నాడు.

మూడిళ్లంటే ఏడాది కూడు. సోంబాబు ఆ రోజు నన్ను కడిగి మరీ తెచ్చాడు.

గోడకు ఆనించగానే మాణిక్యాలరావు వేలు చూపిస్తూ కింద నుంచి మొదలెట్టాడు. లాభం, నష్టం, లాభం, నష్టం... ఇంటి మెట్లు లెక్కపెట్టే పద్ధతి అది. ఆఖరి మెట్టు లాభం కావాలి. నా ఆఖరి మెట్టు నష్టమైంది.

"కొత్తింటికి నష్టాన్ని ఆనిస్తావేంట్రా? ఓ మెట్టు కోసెయ్."

"ఇది ఎక్కి దిగేదండి బాబూ, ఇంట్లో ఉండిపోయేది కాదండి."

"మూడిళ్లు వద్దా?"

సోంబాబు రంపం తెచ్చాడు. కింది మెట్టు పోయింది. ఆ పొట్టితనం పూడ్చడానికి నా కాళ్ల కింద ఇటుకలు పేర్చాడు. సరిపోయింది. అప్పుడు లోపలి నుంచి ఇల్లాలు కనకరత్నం వచ్చింది.

"ఏవండీ, ఆ ఇటుకల మీద కూడా కాలేసే ఎక్కుతాడు కదండీ? మరి అది మెట్టు కాదా?"

మాణిక్యాలరావు ఇటుకలతో కలిపి మళ్లీ లెక్కపెట్టాడు. నష్టం. భార్య తెలివికి మురిసిపోయాడు.

"ఇటుకలు తీసేస్తే అందదండి," అన్నాడు సోంబాబు.

"తియ్యమన్నానా? ఇంకో మెట్టు కొయ్యి."

మరో మెట్టు పోయింది. ఇటుకలు ఇంకా పేరిస్తే నేను ఊగుతున్నాను. పైమెట్టు మీద నిలబడినా సోంబాబు చేయి అమ్మవారి మెడ దాకానే అందింది. చీర, గాజులు, హారం చక్కగా దిద్దాడు. మొహానికి మాత్రం కుంచెను కర్రకు కట్టి తంటాలు పడ్డాడు. ఒక కన్ను కణత మీదికి పోయింది.

శుక్రవారం వచ్చినవాళ్లంతా ముందు ఆ కన్నే చూశారు.

"అమ్మవారు పక్కింటికేసి చూస్తుందేంటి బావా?" అన్నాడో బావమరిది.

"పనోడికి చేతకాలేదు," అన్నాడు మాణిక్యాలరావు, నావంక చూడకుండా.

మర్నాడు ఆ వీధిలోకి ఇంకో పెయింటరు అల్యూమినియం నిచ్చెనతో దిగాడు. దాని మెట్లు లెక్కపెట్టాను. పదహారు. సోంబాబూ లెక్కపెట్టి మాణిక్యాలరావును అడిగాడు.

"మరి దీనికి లాభనష్టాలు చూడరాండి?"

"అది కంపెనీ సరుకయ్యా. దానికి శాస్త్రం వర్తించదు."

ఇప్పుడు నేను సోంబాబు పెరట్లో కాకరపాదుకు ఆసరాగా ఉన్నాను. సోంబాబు కూలికి పోతున్నాడు. ఆ అల్యూమినియం నిచ్చెన కదలకుండా కింద నిలబడి పట్టుకోవడమే పని. ఆయనకు పోయినవి మూడిళ్లు. నాకు పోయింది రెండడుగుల నాలుగంగుళాలు.