ఎర్రగడ్డలకు చెంబెడు నీళ్ళు

రాజలక్ష్మి మరో గుప్పెడు చిన్న ఎర్రగడ్డలు, అవే సాంబారు ఉల్లిపాయలు, నీళ్ళలోకి తోసి, నానినవాటిని ఒక్కొక్కటే తీసి, తల కోసి, తోక కోసి, బొటనవేలితో పొట్టు ఊడదీస్తోంది. సౌకార్‌పేటలో ఆ మెస్సు సాంబారుకి పెద్ద పేరు. ఆ పేరంతా వంటవాడిదే. వెనక తూము పక్కన పీట మీద ఏళ్ళ తరబడి ఒలుస్తున్న మనిషి ఒకతి ఉందని తినిపోయేవాళ్ళలో ఒక్కడికీ తెలీదు. ఆమె వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి, గోళ్ళు సగానికి అరిగిపోయాయి.

ఇవాళ మధ్యాహ్నానికే వెళ్ళాలని నిన్ననే చెప్పింది. తొండియార్‌పేటలో ఆమె అద్దెకుండే ఇంటి మిద్దె మీద, పాత పెయింటు డబ్బాల్లో, సొంత ఎర్రగడ్డలున్నాయి. ఆకులు పసుపెక్కి పక్కకి వాలాయి. అంటే గడ్డ ఊరిందన్నమాట. నీళ్ళు ఆపేసి వారం దాటింది. వాన పడకముందే పీకి ఆరబెట్టాలి, తడిస్తే కుళ్ళిపోతాయి. ఊరందరికీ ఒలిచిపెట్టే మనిషి, ఒక్కసారి తన గడ్డలతో తన ఇంట్లో పులుసు పెట్టుకోవాలనుకుంది. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

"ఇంకో మూట ఉండాది, పెళ్ళి ఆర్డరు. ముగించి పో," అన్నాడు మెస్సు యజమాని కోదండరాం, తలెత్తకుండా.

"మబ్బు పట్టిందన్నా. నిన్ననే చెప్తిని గదా!"

"మబ్బు నీ ఒక్కదానికేనా పట్టింది?"

ఆ మూట కూడా విప్పి ఒలిచింది. ఏం చేస్తుంది మరి?

పొద్దున బయల్దేరేటప్పుడు పక్కవాటా శ్రీప్రియ మిద్దె మీద బట్టలారేసి వచ్చి, "ఆంటీ, మీ చెట్లన్నీ వాడి పడిపోయినాయే!" అంది. "పడనీలే," అంది రాజలక్ష్మి. మొగుడు చెంగయ్య కుర్చీలోంచి అంతా విన్నాడు. విని, "ఏమ్మే, నీళ్ళు," అని చెయ్యి చాపాడు. అది కొత్తేం కాదు. మిరపకాయల మండీలో తూకం వేసినన్నాళ్ళూ అంతే, గుండెజబ్బుతో ఇంటిపట్టున పడ్డాకా అంతే. పెళ్ళైనప్పట్నించీ తన చెంబు తాను ముంచుకుని ఎరగడు. ఆమె విసుక్కుంటూనే ముంచిచ్చి బస్సుకి పరుగెత్తింది.

షేర్ ఆటో దిగేసరికి సాయంత్రమైపోయింది. మనలి ఫ్యాక్టరీల వైపు ఆకాశం నల్లగా ఉంది గానీ ఇంకా చినుకు పడలేదు. ఇంట్లోకి తొంగి కూడా చూడకుండా మెట్లెక్కింది.

డబ్బాలన్నీ బురద. మన్ను మీద నీళ్ళు నిలిచున్నాయి. వాలిన ఆకుల్ని ఎత్తి, పుల్లలు గుచ్చి, దారంతో కట్టి నిలబెట్టారెవరో. పిట్టగోడ మీద చెంగయ్య చెంబు.

"నీ చేతులు పడిపోనూ!" వీధంతా వినబడేలా అరుస్తూ మెట్లు దిగింది. "ఇన్నేండ్లలో నాకొక చెంబు నీళ్ళిచ్చినావా అయ్యా? ఈ పొద్దా నీకు ప్రేమ పుట్టుకొచ్చింది? మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పలా?"

చెంగయ్య కుర్చీలోనే ఉన్నాడు. తల భుజం మీదకి ఒరిగింది. లుంగీ అంచు తడిసి ఉంది, గోళ్ళ కింద మన్ను.

శ్రీప్రియ వాకిట్లోకి వచ్చి బెదురుగా అంది: "చానా తడవలు ఎక్కి దిగినాడు ఆంటీ. వద్దంకుల్ అంటే, అవి ఎండిపోతే మీరేడుస్తారన్నాడు. దిగొచ్చి అట్లే కుర్చీలో నిద్రపోయినాడు."

రాజలక్ష్మి చెయ్యి పట్టి కదిపింది. చల్లగా ఉంది. అయినా తిట్టడం ఆపలేదు. "లెయ్ అయ్యా! ఎవురు పొయ్యమన్నారు నిన్ను? నేనడిగినానా? లేచి చెప్పు!" ఇరుగుపొరుగు వచ్చి పట్టుకునేదాకా అడుగుతూనే ఉంది.

ఆ రాత్రి వాన కూడా పడలేదు. మిద్దె మీద పిట్టగోడపై చెంగయ్య చెంబు, మట్టివేళ్ళ గుర్తులతో, అడుగున అతను పొయ్యగా మిగిలిన నీళ్ళతో, అట్లాగే ఉంది.