కొయ్యకాళ్ల మడి

పాలు కాగబెడుతున్న శ్రీలతకు ఇంటి వెనక పొలం నుంచి మోటారు చప్పుడు వినపడలేదు. కరెంటు పోయిందేమో అనుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పుప్పాలగూడలోని ఆ ఎకరం అత్త చంద్రమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. దాని మూలమడిలో శ్రీలత ఐదేళ్లుగా అడవి వరిని ఊరి వరితో కలిపి సంకరం చేస్తోంది. వ్యవసాయ కాలేజీ చదువు వంటింట్లో పడిపోయాక ఆమెకంటూ మిగిలిన పని అదొక్కటే. కోసిన కొయ్యకాళ్ల నుంచే మళ్లీ పిలకలేసి పంటనిచ్చే వరి కావాలి. వందల మొక్కల్లో పదకొండు దుబ్బులు మూడు కోతలైనా చావలేదు. వాటి గింజలు చల్లితే ఆ గుణం నిలవదు. ఆ వేళ్లే బతకాలి. భర్త మధుకర్ చుట్టాల ముందు, ‘మా ఆమెకు పనేం లేదు, గడ్డి పెంచుతది’ అనేవాడు. టీ అందిస్తూ తనూ నవ్వేది. ఎందుకు నవ్విందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

వెళ్లి చూసింది. మోటారు విప్పేశారు. మడి చుట్టూ సున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. ఈ మే ఎండకు నీళ్లు లేకుండా ఆ దుబ్బులు రెండు రోజులు కూడా ఆగవు.

తిరిగొచ్చేసరికి వాకిట్లో తెల్ల కారు. హైటెక్ సిటీ కడుతున్నారన్న దగ్గర్నుంచి ఈ పక్క భూముల కోసం తిరుగుతున్న లింగమూర్తి లోపల కూర్చున్నాడు. చంద్రమ్మ బొటనవేలికి సిరా పూసి ఉంది. ముద్ర ఇంకా పడలేదు. ఎన్నడూ లేనిది మధుకర్ భార్యకు కుర్చీ జరిపాడు. అమ్మ పింఛన్ కాగితమనీ, సాక్షి సంతకం పెట్టమనీ అన్నాడు.

శ్రీలత కాగితం చేతిలోకి తీసుకుని మొదటి వరుస చూసింది. భూమి అమ్మకం ఒప్పందం. మడి సంగతేమిటని భర్తను మెల్లగా అడిగింది.

“కోసినంక మళ్ల మొలుస్తదంటివి గద, ఇంకెక్కడన్న మొలుస్తది తియ్,” అన్నాడతను ఆమె చెవి దగ్గరకు వంగి. “నోరిప్పినవనుకో, ఈ ఇంట్ల నీకు జాగ లేదు.”

చంద్రమ్మ వేలు గాలిలో పట్టుకుని కోడలి వైపు తిరిగింది. “నువ్వు చదివినవా బిడ్డా? నువ్వు పెట్టుమంటే పెడత.”

శ్రీలత కుర్చీలో కూర్చోలేదు. అత్త పక్కన నేలమీద కూర్చుంది.

“ఇది పింఛన్‌ది కాదు అత్తమ్మా,” అని, మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

లింగమూర్తి లేచి వీధి తలుపుకు గడియ పెట్టాడు. ఆమె గొంతు తగ్గించలేదు.