ఎడమ డొక్క మీద ఆగిన చేయి

నేను ఒక ఉక్కు సూదిని. జానెడు పొడవు, పైన తొడిగిన గొట్టం. పశువైద్య కళాశాలలో నన్ను ట్రోకార్ అంటారు. పశువు పొట్ట ఉబ్బి ఊపిరాడనప్పుడు ఎడమ డొక్కలో నన్ను పొడిచి, సూదిని లాగేస్తే గొట్టంలోంచి గాలి బయటికి పోతుంది. ప్రాణం నిలుస్తుంది. నన్ను తయారుచేసింది అందుకే.

నన్ను కొనుక్కున్నది చౌడేశ్వరి, గొర్రెల కాపరి కూతురు. మూడేళ్లు ఆమె చచ్చిన పశువుల మీదే నాతో సాధన చేసింది. చచ్చిన పశువు తప్పు పట్టదు కాబట్టి మనుషులు ముందు దానిమీదే నేర్చుకుంటారు. కళ్లు మూసుకున్నా ఆమె చేయి సరైన చోటికే వెళ్లేది.

ఆఖరి ఏడాది శిక్షణకు ఒక పల్లె పశువుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టర్ కుళ్ళాయప్ప మొదటిరోజే చెప్పాడు: "నేను లేకుండా ఏ పశువుకూ నువ్వు కత్తి పెట్టగూడదు."

ఒక మధ్యాహ్నం ఆయన మీటింగుకు వెళ్లినప్పుడు సుంకులమ్మ అనే ముసలామె తన గేదెను తోలుకొచ్చింది. గొంతులో పచ్చి మామిడికాయ అడ్డుపడి, దాని పొట్ట డోలులా బిగిసిపోయింది. నోట్లోంచి వేసిన రబ్బరు గొట్టం దిగలేదు. చౌడేశ్వరి డాక్టరుకు ఫోన్ చేసింది.

"వస్తాండా. అంతవరకు ముట్టుకోవద్దు," అన్నాడాయన.

ఆమె డొక్క మీద వెంట్రుకలు గీసి, మందు పూసి, నా మొన ఆనించింది. వెనక్కి తీసి దారి వైపు చూసింది. మళ్లీ ఆనించింది. మళ్లీ తీసింది. గేదె కూలిపోయింది. అప్పుడు పొడిచింది. గాలి బుస్సుమంటూ వచ్చింది. గుండె అప్పటికే ఆగిపోయింది.

కుళ్ళాయప్ప వచ్చి చూశాడు. "నా మాట విన్నావు. నీ తప్పేం లేదులేమ్మా."

సుంకులమ్మ గేదె తల ఒళ్లో పెట్టుకుని అడిగింది: "యాడ పొడవాల్నో నీకు తెలుసు కదమ్మా. మరెందుకు నిలబడిపోయినావు?"

చౌడేశ్వరి గేదె డొక్కలో మిగిలిన గొట్టాన్ని బయటికి లాగి నాకు తొడిగింది.

శిక్షణ ముగిశాక జరిగిన పరీక్షలో ప్రొఫెసర్ ఆమె చేతిలో నన్ను చూసి, "దీన్ని ఎప్పుడు వాడాలి?" అన్నారు.

"పశువు పడకముందే సార్. ఎవరికోసమూ ఆగకుండా."

ఆయన మెచ్చుకుని పూర్తి మార్కులు వేశారు. ఆమె నన్ను పరీక్ష బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది. పశువులు కనిపించని ఉద్యోగమేదో వెతుక్కుందని తరువాత విన్నాను.

ఇప్పుడు నేను కళాశాల అలమారలో ఉన్నాను. అప్పుడప్పుడూ విద్యార్థులు నా మొనను వేలితో తాకి, ఇంకా ఎంత పదునుగా ఉందో అని ఆశ్చర్యపోతారు.