ఎడమవైపు ముద్ద

సోమవారం తెల్లవారేసరికి నూకరత్నం చిగుళ్ళు మరో గజం లోపలికి జరిగాయి.

ఆమె కొళాయి గట్టు మీద కూర్చుని, చిన్న అద్దం మోకాలికి ఆనించి, కింది దవడలో ఎడమవైపు చూసుకుంటుంది. నిన్నటిదాకా చిగురు కప్పి ఉంచిన పళ్ళ వేళ్ళు ఇవాళ గాలికి బయటపడ్డాయి. ఒడ్డు కోసుకుపోయినచోట సరుగుడు చెట్ల వేళ్ళు ఇలాగే ఉంటాయి. వేళ్ళ మధ్య తడి ఇసుక ఉంది. దాన్ని వేలితో తీసి గట్టు మీద ఆరబెడుతుంది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఏనాడో ఎవరికో ఒకరికి చూపించుకుని ఉండేది.

వాళ్ళ పల్లె కాకినాడకి ఉత్తరాన, సముద్రం అంచున ఉంది. ఏటా సముద్రం ఒక వీధిని తీసుకుంటుంది. ముందు వలలు ఆరేసే దిబ్బ పోయింది, తర్వాత మంచినీళ్ళ బావి వీధి పోయింది, మూడేళ్ళ కిందట నూకరత్నం వాళ్ళ వీధి పోయింది. మిగిలినవాళ్ళు రోడ్డుకి ఇవతల కాలనీ గదుల్లోకి మారారు. ఆమె మొగుడు ఎల్లాజీ మాత్రం వీధితోపాటే వెళ్ళిపోయాడు.

"ఇల్లు కూలిపోతంది, రావయ్యా అని మొత్తుకున్నాను. ఇనకుండా మళ్ళీ లోపలికెళ్ళాడు" అని ఆమె అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. ఆ మాట చెప్పిన సాయంత్రమే ఎడమవైపు చిగురు మొదటిసారి ఎర్రగా పొంగింది.

సోమవారం పొద్దున్నే ఆమె ఎండుచేపల గంప ఎత్తుకుని వెళ్తుంది. ఒక ఇంటి అరుగు మీద నెత్తళ్ళు బేరమాడుతుండగా, ఆమె కింది వరసలో ఒక పన్ను పక్కపంటితో ఏదో చెప్పి, పెదవి మీదుగా దిగి, అరుగు మెట్లు దిగి, రోడ్డు దాటి వెళ్ళిపోతుంది. ఇంటావిడ దాన్ని సందు మలుపు దాకా చూస్తుంది.

"మిగతావి కూడా వెళ్ళిపోయేలా ఉన్నాయి నూకరత్నం. కాకినాడలో కామాక్షి డాక్టరుగారని ఉన్నారు. ఇవాళే వెళ్ళు" అంటుంది.

నూకరత్నం గంప ఆ అరుగు మీదే పెట్టి బస్సెక్కుతుంది.

ఆసుపత్రి మేడ మీద ఉంది. హాల్లో ఒక్కొక్కరి పేరు పిలిచినప్పుడల్లా హాలు రెండు కుర్చీల మేర పొడుగవుతుంది. అందుకని ఎవరూ దగ్గరపడరు. బల్ల దగ్గరున్న అమ్మాయి పుస్తకం తీస్తుంది.

"నొప్పా అండీ, వాపా?"

"కోతండి."

"ఎన్ని వీధులు పోయాయి?"

"ఎడమవైపు అంతా పోయిందండి."

ఆ అమ్మాయి రాసుకుని, "కోతవాళ్ళు ఆగక్కర్లేదు, లోపలికెళ్ళిపోండి" అంటుంది.

డాక్టర్ కామాక్షి యాభై ఏళ్ళ మనిషి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. నూకరత్నాన్ని కుర్చీలో పడుకోబెట్టి, దీపం దించి, నోట్లోకి చూస్తుంది. తర్వాత చాలా మామూలుగా అడుగుతుంది.

"చుట్ట కాలుస్తారా అమ్మా?"

"అడ్డచుట్ట కాల్చేదాన్నండి, నిప్పు నోట్లో పెట్టుకుని. మూడేళ్ళయింది మానేసి. లోపలికి పొగెళ్తే ఆయనకి దగ్గొస్తదని."

డాక్టరు తలూపుతుంది. "కుడివైపు బాగానే తోముతున్నారు. ఎడమవైపు మూడేళ్ళుగా బ్రష్షు తగల్లేదు. ఎందుకని?"

నూకరత్నం దీపం వైపు చూస్తుంది. "అటేపు అన్నం పెడతానండి" అంటుంది.

డాక్టరు సన్నటి ఇనుప పుల్ల తీసుకుంటుంది. దాని మీద మిల్లీమీటర్ల గీతలు ఉన్నాయి. పంటికీ చిగురుకీ మధ్య అది ఎంత లోతుకి దిగుతుందో అదే జబ్బు లోతు. కుడివైపు మెల్లిగా దించుతూ లెక్కపెడుతుంది. రెండు. మూడు. రెండు. ఎడమవైపుకి వచ్చేసరికి అయిదు. ఏడు. చివరి దవడపన్ను దగ్గర పుల్ల మొత్తం దిగిపోయి, ఇంకా దిగుతానంటుంది. డాక్టరు దానికి దారం కట్టి వదులుతుంది. దారం ఉండ తిరుగుతూనే ఉంటుంది.

"నలభై రెండు అడుగులు" అంటుంది డాక్టరు.

"ఏడు బారలు" అంటుంది నూకరత్నం. సముద్రం కింద వాళ్ళ ఇల్లు ఇప్పుడు ఉన్న లోతు సరిగ్గా అంతే.

"అడుగున పెంకు తగులుతోందమ్మా. ఇల్లుంది. మనిషి కూడా ఉన్నట్టున్నాడు. గార ఆ గోడల చుట్టూ పేరుకుంది. దాన్ని తీసేస్తే చిగురు మళ్ళీ పంటిని పట్టుకుంటుంది, సందు మూసుకుపోతుంది. తియ్యకపోతే ఏడాదిలో పళ్ళన్నీ పోతాయి. కానీ మనుషులున్న చోట నేను చెయ్యి పెట్టలేను. ముందు మీరు వెళ్ళి చెప్పాలి."

డాక్టరు, పళ్ళ సందుల్లో లాగే దారాన్ని నూకరత్నం నడుముకి రెండు చుట్లు చుట్టి ముడివేస్తుంది. "ఊపిరాడకపోతే మూడుసార్లు లాగండి."

నూకరత్నం తన కింది పెదవి దాటి, నాలుక పక్కనుంచి దిగుతుంది. నీళ్ళు గోరువెచ్చగా, ఉప్పగా ఉన్నాయి. మొదటి బార దాకా వెలుతురు ఎర్రగా ఉంటుంది. మూడో బార దగ్గర తమ వీధి దీపస్తంభం ఏటవాలుగా నిలబడి ఉంది. అయిదో బార దగ్గర ఎదురింటి వాళ్ళ మేక ఈదుకుంటూ వచ్చి ఆమె చెయ్యి వాసన చూసి వెళ్ళిపోతుంది.

ఎల్లాజీ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రుబ్బురోలు పొత్రం ఉంది. ఆయన వయసు పెరగలేదు. నడినెత్తి దగ్గర జుట్టు మాత్రం పైకి తేలుతోంది.

"ఇదే కదే నువ్వడిగింది?" అంటాడు పొత్రం చూపిస్తూ.

"ఇదే మావా."

"మరి ఇంతసేపు చేశావేటి? చేతులు లాగేస్తన్నాయి."

ఆమె పక్కన కూర్చుని పొత్రాన్ని తన ఒళ్ళోకి తీసుకుంటుంది. వాళ్ళమ్మ ఇచ్చిన పొత్రం అది. ఆ రోజు ఎల్లాజీ వలలూ, మంచమూ, తలుపు రెక్కలూ, ఆఖరికి కోళ్ళగూడు కూడా రోడ్డు మీదికి చేరవేశాడు. నడుంలోతు నీళ్ళలోంచి వచ్చి చతికిలబడితే, ఆమె సామాను లెక్కచూసుకుని, "మా అమ్మ పొత్రం ఏదీ? నీ వలలైతే మర్చిపోయేవోడివా?" అంది. ఆయన లేచి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాడు. గోడ పడిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు, అలల చప్పుడే ఎక్కువ.

"అన్నం అందుతందా మావా?"

"అందుతంది. ఎక్కువైపోతంది కూడా. తినలేకపోతన్నాను రత్నం. మిగిలింది గోడలకి పట్టుకుని రాయైపోతంది. చూడు, తలుపు పడట్లేదు. పైన వాసాలు ఊగిపోతన్నాయి." ఎల్లాజీ పైకి చూపిస్తాడు. కప్పుకి బదులు ఆమె దవడపళ్ళ వేళ్ళు నాలుగు వేలాడుతూ కదులుతున్నాయి. "ఇంకోటి ఊడితే తిన్నగా నా మీదే పడుద్ది. ఒక ఇల్లు మీదపడింది చాలదేటే?"

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అది ఆమె నోరే కాబట్టి చుట్టూ కొంచెం చీకటవుతుంది.

"నీయంతట నువ్వే ఎళ్ళావని పైన అందరికీ చెప్పాను మావా. నేను పంపానని చెప్పలేదు."

"ఎరుగుదును. అలా చెప్పావు గాబట్టే ఇక్కడున్నాను. ఆ మాట ఎక్కడ దాచుకుంటే నేనక్కడుండాలి గదా."

"నిజం చెప్పేస్తే?"

"చచ్చిపోయినోణ్ణవుతాను." ఆయన ఈ మాట పొద్దున ఏం కూర అన్నంత మామూలుగా అంటాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేలితో రుద్దుతాడు. "చిక్కిపోయావు. ఒకేపు నమిలితే ఒంటికేం పడుద్ది? రెండేపులా తిను."

"కోపం లేదా?"

"ఆరోజు ఉంది. నీళ్ళు మెడదాకా వచ్చినప్పుడు కూడా ఉంది. ఇంత బరువైందాని కోసం పంపిందే అనుకున్నాను. పైకి వచ్చాక తిడదామనుకున్నాను." ఆమె ఒళ్ళోని పొత్రం అంచు తడుముతాడు. "తిట్టేవాడినే."

గుమ్మం ముందునుంచి చిన్న చేపలు వరసగా వెళ్తాయి. తర్వాత ఎల్లాజీ ఆమె నడుం దగ్గర దారం ముడి సరిచూసి, తనే మూడుసార్లు లాగుతాడు.

కుర్చీలోకి వచ్చేసరికి నూకరత్నం చీర పొడిగానే ఉంది. చేతుల్లో పొత్రం లేదు. డాక్టరు దీపం పక్కకి తిప్పి వింటుంది.

"ఆయన తనంతట ఎళ్ళలేదండి. నేనే పంపాను. రాయి కోసం పంపాను."

డాక్టరు జుట్టులోంచి పెన్సిలు తీసి, కాగితం మీద రాసి, మళ్ళీ జుట్టులో పెట్టుకుంటుంది. "ఇప్పుడు శుభ్రం చెయ్యొచ్చు. నొప్పి తెలియకుండా సూది వేస్తాను."

"వద్దండి. తెలియనివ్వండి."

మూడేళ్ళుగా రాని నొప్పి ఒక్కసారే వస్తుంది. గార విరిగి స్టీలు పళ్ళెంలో పడుతుంది. ముందు పసుపుపచ్చని పెచ్చులు, తర్వాత పెంకు ముక్కలు, వల అడుగుకి కట్టే సీసపు గుళ్ళు, రాయిలా గట్టిపడిన అన్నం ముద్దలు. డాక్టరు ఆ ముద్దల్ని లెక్కపెడుతుంది. వెయ్యీ తొంభై అయిదు. నూకరత్నం కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, డాక్టరు ఎడమచేత్తో దూది తీసి, చూడకుండానే తుడుస్తుంది.

"అడుగుదాకా వచ్చానమ్మా. ఆయన్ని పైకి తియ్యనా, లోపలే ఉంచి మూసెయ్యనా?"

"పైకి తీసి ఎక్కడ పెట్టనండి? ఇసకలో పెడితే మళ్ళీ సముద్రమే తవ్వుకుపోద్ది. ఉంచెయ్యండి. చుట్టూ తుడిచి ఉంచెయ్యండి."

డాక్టరు అలాగే చేస్తుంది. ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడిగి, నాలుగు కుట్లు వేస్తుంది. చివరి కుట్టు బిగించేముందు ఒక్క క్షణం ఆగుతుంది. నూకరత్నం కళ్ళు మూసుకుంటుంది. కుట్టు బిగుస్తుంది.

"వారం తర్వాత రండి. కుట్ల మీద బ్రష్షు పెట్టకండి, పుక్కిలిస్తే చాలు. కుట్లు తీశాక పొద్దునా రాత్రీ రెండువైపులా తోమాలి, మెత్తటి బ్రష్షుతో. రక్తం వస్తే భయపడి మానెయ్యకండి. మానెయ్యడం వల్లే ఇంత దూరం వచ్చింది."

"అలాగేనండి."

వారంపాటు నూకరత్నం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది. కుట్లు తీశాక రెండువైపులా తోముతుంది. చిగురు ముందుకి జరగడం మొదలవుతుంది, రోజుకి ఒక అడుగు. ఊగే పళ్ళు నిలబడతాయి. ఎడమవైపు చివర గులాబీరంగు చర్మం నున్నగా మూసుకుపోయి, అక్కడొక సందు ఉండేదన్న ఆనవాలు కూడా మిగలదు.

కుట్లు తీసిన మర్నాడు మధ్యాహ్నం ఆమె అన్నం కలుపుకుని మొదటి ముద్ద కుడివైపు నములుతుంది. రెండో ముద్ద ఎడమవైపు నములుతుంది. ఎడమవైపు ముద్ద కూడా తన కడుపులోకే వెళ్తుంది. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోతుంది.

నాలుక లేచి, మూసుకుపోయిన చోటుకి వెళ్ళి, తడిమి, తిరిగి వస్తుంది. మళ్ళీ వెళ్తుంది. ప్రతిసారీ కాస్త ఆలస్యంగా తిరిగి వస్తుంది. ఎండ వాలేవేళకి వెళ్ళి, ఇక రాదు.

పక్కింటి చిట్టెమ్మ గుమ్మంలోకి వచ్చి, "తిన్నావా వదినా?" అని అడుగుతుంది. జవాబు చెప్పడానికి ఆమె దగ్గర నాలుక లేదు. వెనక్కి పిలుద్దామన్నా అదే కావాలి. తలూపి చిట్టెమ్మని పంపించేసి, అద్దం తీసి చూసుకుంటుంది.

దవడ చివర, నున్నటి చిగురు పక్కన, నాలుక చిన్న చాప పరుచుకుంది. నగలు తీసేసిన మనిషిలా, గోడ వైపు తిరిగి, కాళ్ళు ముడుచుకుని పడుకుంది. ఎండలో చాలా దూరం నడిచి వచ్చినట్టు దాని వీపు లేస్తూ పడుతూ ఉంది.

నూకరత్నం అద్దం బోర్లించి, స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది. దానికి గాలి ఆడాలని నోరు కొంచెం తెరిచి ఉంచుతుంది.