పేరు నాదే

ఉదయగిరి బస్సు గుట్టల్లోకి మలుపు తిరగ్గానే లిదియమ్మ వాయిస్ మెసేజ్ పెట్టడానికి ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని కొంగు అడ్డం పెట్టింది. ఇంజను మోతలో ముందు సీటు వాళ్లకు కూడా ఏమీ వినపడదు.

పక్కన కిటికీ వైపు కూర్చున్న భవ్యశ్రీ గుప్పిట బిగించే ఉంది. అందులో పిన్నీసు. వారం రోజులుగా ఆ పిల్ల వెనక సీట్లో చారల చొక్కావాడు కూర్చుంటున్నాడు. సీటు సందులోంచి వాడి చెయ్యి వస్తుంది. ఈరోజు రద్దీలో వాడు డ్రైవర్ దగ్గరే ఇరుక్కుపోయాడు. సందు దొరికితే వెనక్కి వస్తాడు. ఇంట్లో చెబితే నాన్న ముందు ఆపించేది కాలేజీనే. అందుకే లిదియమ్మకు ఒక్కదానికే చెప్పుకుంది.

ఈ బస్సు ప్రయాణికులకు ఒక వాట్సాప్ గ్రూపుంది. కండక్టర్ చెంచయ్య కూడా అందులో ఉన్నాడు. పేరు లేని ఫిర్యాదును అడ్మిన్ తీసేస్తాడు. ఆ పిల్ల పేరు పెడితే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

పేర్లు దాచడం లిదియమ్మకు కొత్త కాదు. ఆత్మకూరులో ఓ నర్సింగ్ హోమ్‌లో ఆయా. ఎవరి కడుపు నిలవలేదో, ఎవరి కూతురు పురుగుల మందు తాగిందో ఆమెకు తెలుసు. భర్త సామ్యేలు బతికున్నన్నాళ్లూ “ఏంది విశేషం?” అని అడిగేవాడు. “నేల కడిగినాను” అనేది. చర్చిలో ఆడవాళ్ల ప్రార్థనలోనూ “ఒక సహోదరి కోసం” అనేదే తప్ప పేరెత్తేది కాదు. చివర్లో కళ్లు మూసుకుని దేవుడొక్కడికే చెప్పుకునేది.

“ఒక ఆడబిడ్డని ఒకడు రోజూ ఏడిపిస్తా ఉండాడు. చెంచయ్యా, నువ్వు చూడాల.”

అక్కడ ఆపి ఉంటే పేరు బయటపడేది కాదు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకుంది.

“ప్రభువా, నీ బిడ్డ భవ్యశ్రీకి తోడుండు. ఆమేన్.”

నొక్కిపట్టిన బటన్ మీంచి వేలు తీసింది.

“అవ్వా!” భవ్యశ్రీ ఆమె మోచెయ్యి పట్టుకుంది. “నా పేరు చెప్పేసినావు!”

లిదియమ్మ తెర వైపు చూసింది. మెసేజ్ పక్కన చిన్న గడియారం గుర్తు. ఇంకా పోలేదు. గుట్టల్లో సిగ్నల్ ఉండదు. దిగువకు వస్తే టవర్ అందుతుంది. బస్సులో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగే చోటు అది.

మెసేజ్ తీసేద్దామని తెర నొక్కింది. పలకలేదు. ఫినాయిల్ నీళ్లకు మొద్దుబారిన బొటనవేలు. మళ్లీ నొక్కింది. బస్సు దిగుడులో వేగం అందుకుంది. చారల చొక్కావాడు జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు.

భవ్యశ్రీ పిన్నీసు సీటు మీద పడేసి ఫోన్ లాక్కుంది. నొక్కింది. మెసేజ్ మాయమైంది.

ఫోన్ తిరిగి ఆమె ఒళ్లో పెట్టింది.

“ఏందవ్వా, దేవుడికి చెప్పాలంటే గ్రూపులోనే చెప్పాల్నా?”

“నోరు ముయ్ మే, ముందు నన్ను మాట్లాడనీ.” లిదియమ్మ మళ్లీ మొదలుపెట్టింది. “నేను లిదియమ్మని, నర్సింగ్ హోమ్ ఆయాని. పేరు నాదే పెట్టుకోండి...” ఈసారి ఆమేన్ మనసులోనే అనుకుంది.

బస్సు దిగువకు వచ్చింది. ఫోన్లన్నీ టింగుమన్నాయి. ఎవరో స్పీకర్ పెట్టారు. ఆమె గొంతు బస్సంతా వినపడింది.

“ఎవురా పిల్ల?” వెనక నుంచి ఒకడు.

“ఎవురైతే నీకేందిరా? చెయ్యి ఎవురిదని అడుగు!” అంది లిదియమ్మ.

“ఎవుడో చూపించక్కా” అన్నాడు చెంచయ్య.

లిదియమ్మ చారల చొక్కావాణ్ణి గడ్డంతో చూపించింది. ముందు సీట్లోంచి ఒకామె లేచింది. “వాడే. నన్నూ గిల్లినాడు.” ఆ వెంటనే ఇంకొకామె. ఇక ఆ పిల్ల ఎవరని ఎవరూ అడగలేదు.

చెంచయ్య విజిల్ ఊదాడు. “దిగు నాయనా.”

“నేనేం చేసినానన్నా?”

“దిగినాక ఆలోచించుకో.”

ఆత్మకూరులో భవ్యశ్రీ “పోయొస్తానవ్వా” అంటూ ఖాళీ చేతులు ఊపుకుంటూ జనంలో కలిసిపోయింది. లిదియమ్మ క్యారియర్ అందుకుని లేచి, ఒకసారి వెనక్కి చూసింది.

కిటికీ పక్కన, సీటు గుంటలో పిన్నీసు. నోరు తెరిచే ఉంది. మొన మాత్రం ఎవరికీ తగలకుండా స్పాంజిలోకి దిగి ఉంది.