ఎర్ర నీళ్లలో తెల్ల గౌను

మా సంఘంలో పిల్లలకు ఎనిమిదేళ్లు నిండితే బాప్తిస్మం ఇస్తాం. మోయాబ్ పట్టణంలో మా మందిరం వెనక గోరువెచ్చని నీళ్ల తొట్టి ఉంది. అందరూ అందులోనే మునుగుతారు. మా అమ్మాయి మారెన్ మాత్రం తొట్టి వద్దంది. తాత మునిగిన చోటే, కొలరాడో నదిలోనే మునుగుతానంది.

"నది నెమ్మదిగా ఉంటే సరే. లేకపోతే సాయంత్రానికి తొట్టికి వచ్చేయండి" అన్నారు బిషప్‌గారు.

శనివారం మధ్యాహ్నం మా పాత ట్రక్కులో లోయ దారి పట్టాం. నా పక్కన మా అమ్మ వెర్లా, వెనక నా భార్య జనే, మారెన్. అమ్మ ఒళ్లో తురిమిన క్యారెట్ వేసిన ఆకుపచ్చ జెల్లీ గిన్నె. శుభకార్యం ఏదైనా ఆమె చేసేది అదే.

"నాన్నా, ఇంకా వేగంగా!"

"ఒరేయ్ లోరెన్, జెల్లీ ఒలికిందంటే ముందు నీకిస్తాను బాప్తిస్మం" అంది అమ్మ.

ఒక పక్క నది, మరో పక్క నిట్టనిలువు ఎర్ర గోడలు. ప్రతి మలుపులోనూ గోడ మీద పడబోయినట్టే వచ్చి పక్కకు తప్పుకుంటుంది. పుట్టినప్పటి నుంచి తిరుగుతున్న దారే. అయినా అక్కడికి వచ్చేసరికి నా గుండె గంతులు వేస్తుంది. మారెన్ కిటికీలోంచి తల బయట పెట్టి ప్రతి మలుపుకీ కేక పెడుతోంది.

జనే నా భుజం తట్టింది. "అటు చూశావా?"

కొండల వెనక మబ్బు నల్లగా కమ్ముకుంది.

"వెనక్కి తిప్పుదామా?"

"వద్దమ్మా!" మారెన్ తల లోపలికి లాక్కుంది. "తొట్టిలో తాత ఉండడు."

మా నాన్న పోయి రెండు చలికాలాలైంది. నదిలో మాత్రం ఉంటాడా అని నేను అడగలేదు. ఏమో, ఉంటాడేమో. ట్రక్కు వేగం పెంచాను.

మూడు పెద్ద చెట్లు కనపడగానే అమ్మ "ఇదే, ఇదే!" అని అరిచింది. ఎండిన వాగు ఒకటి అక్కడ నదిలో కలుస్తుంది. దాని పక్కనే ఒక పెద్ద బండ ప్రవాహానికి అడ్డం నిలబడి, చిన్న మడుగు కట్టింది. నీళ్లు కదలడం లేదు.

నేనూ మారెన్ తెల్లబట్టలు వేసుకుని నీళ్లలోకి దిగాం. మా సంఘంలో తండ్రే బాప్తిస్మం ఇవ్వొచ్చు. ఒళ్లంతా ఒక్కసారిగా మునగాలని మా నియమం. జుట్టో వేలో పైకి తేలితే మళ్లీ మొదలుపెట్టాలి. అది చూసి చెప్పడానికి ఇద్దరు సాక్షులు. ఒడ్డున మడత కుర్చీలో అమ్మ, పక్కన జనే.

"నాన్నా, గడ్డకట్టిపోతున్నా! భలే ఉంది!"

చెయ్యెత్తి, పేరు పిలిచి, పలకాల్సిన మాటలు పలికి ముంచాను. మారెన్ తుమ్ముతూ, నవ్వుతూ లేచింది. జనే చప్పట్లు కొట్టింది. అమ్మ మాత్రం కొట్టలేదు.

"కుడికాలి బొటనవేలు" అంది.

"అమ్మా, ఒక్క వేలే కదా!"

"వేలు వేలే. చూసిందాన్ని చూడలేదని చెప్పమంటావా?"

ఒక్క వేలి కోసం దేవుడు ఈ పిల్లను కాదంటాడా? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అమ్మ సాక్ష్యం అబద్ధమైతే ఇక నేను నమ్మడానికి ఏముంది?

అంతలో ఉరిమింది. ఎగువన గోడల మీంచి ఎర్ర జలపాతాలు దూకుతున్నాయి, ఒకటి కాదు, పది చోట్ల! వాగులోంచి సన్నని ఎర్రధార మడుగులోకి పాకింది.

"బయటికి రండి! తొట్టి ఉందిగా!" జనే అరిచింది.

మారెన్ నా మణికట్టు వదల్లేదు. "ఒక్కసారి, నాన్నా!"

నీళ్లు ఇంకా నా నడుం దగ్గరే ఉన్నాయి. ఒక్కసారికి వ్యవధి ఉంది.

"మోకాళ్లు వంచవే పిల్లా!" అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "కూర్చున్నట్టు వెనక్కి వాలు!"

మళ్లీ పేరు పిలిచాను. ఈసారి నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. మునిగిన పిల్ల ముఖం నాకే కనపడలేదు. పైకి లేపి అమ్మవైపు చూశాను.

"అంతా మునిగింది! ఇక పరిగెత్తండి!"

పిల్లను ఎత్తుకుని రోడ్డెక్కేసరికి వాగు పెళ్లున విరుచుకుపడింది. బురద, రాళ్లు, దుంగలు! మడుగు కనపడకుండా పోయింది.

"నానమ్మా, నీ కుర్చీ కొట్టుకుపోతోంది!"

"పోనీవే. జెల్లీ దక్కింది."

మారెన్ గౌను మీద ఎర్ర చారలు కారుతున్నాయి. "తాత ఎన్నిసార్లు మునిగాడు?"

"మూడు. అప్పుడు నేనూ చిన్నపిల్లనే, ఒడ్డున మా పిల్లమూక ఒకటే నవ్వు. మీ తాత నాతో వారం మాట్లాడలేదు."

మారెన్ ట్రక్కు వెనక్కి ఎక్కి లోయకేసి నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది. "తాతా! నాకు రెండే!"

"రెండే... రెండే..." అన్నాయి గోడలు. అది ఎవరి గొంతో నేను తేల్చుకోదలచలేదు. అమ్మ గిన్నె మూత తీసి, ముందు చెంచా పిల్ల చేతికిచ్చింది.