ట్యాంకు లోపలి చోటు

"జయంతీ, కరెంటొచ్చింది. మోటారెయ్యి, బియ్యం కడుగు, నీ మొగుడి చొక్కా ఇస్త్రీ సెయ్యి" అని అత్తగారు అచ్చమ్మ మంచం మీంచే పనులు పురమాయించింది. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో కరెంటు వచ్చిందంటే ఆడవాళ్లకు ఊపిరాడదు. మళ్లీ పోయేలోగా నీళ్లు పైకెక్కాలి, అన్నం ఉడకాలి, ఫోన్లు చార్జింగవ్వాలి. అన్నీ అయ్యాక మిగిలిన కరెంటు జయంతిది. ఆ మిగిలినదాంట్లోనే మొగుడి డ్రాయింగులు గీస్తుంది. మోటారూ కుక్కరూ ఒక్కసారి వేస్తే ఫ్యూజు పోతుంది కాబట్టి, బియ్యం కడిగి కుక్కర్లో పోసి, మోటారు వేసి, లాప్‌టాప్ ముందు కూర్చుంది.

మొగుడు ఆంజనేయప్రసాద్ ఇన్సేన్‌లో ట్యాంకులు చేసే షెడ్డులో డ్రాఫ్ట్స్‌మన్. పేరు ఆయనది, గీసేది ఈవిడ. పెళ్లికి ముందు ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నది ఈవిడే మరి. "ఇంట్లోనే ఉంటావు గదా, ఏటి కష్టం?" అంటాడు. నిన్న మాత్రం మహానుభావుడు తానే చెయ్యి పెట్టాడు. స్టీలు ట్యాంకు బొమ్మ మీద నొక్కి, ఎన్ని నీళ్లు పడతాయని కంప్యూటర్నడిగాడు. వచ్చిన అంకె తీసుకెళ్లి ఓనరు ఊ మ్యోకి చెప్పాడు. ఇంత ట్యాంకులో బకెట్టు నీళ్లేనా అని షెడ్డంతా నవ్వింది. ఆ ఉక్రోషం ఇంటికొచ్చి జయంతి మీద పడింది. "నువ్వే తప్పు గీసుంటావు. రేపు సరిసేసి పంపు."

తప్పు గీతలో లేదు. ఆ అంకె ట్యాంకు రేకుది, లోపల పట్టే నీళ్లది కాదు. లోపలి చోటు తెలియాలంటే, ట్యాంకు చుట్టూ పెద్ద పెట్టె గీసి, అందులోంచి ట్యాంకును తీసెయ్యాలి. బయటి ముక్కా లోపలి ముక్కా మిగులుతాయి. బయటిది చెరిపేస్తే లోపలి ఖాళీ ఒక వస్తువులా నిలబడుతుంది. కానీ ముక్కలు విడిపోలేదు. నీళ్ల గొట్టం నోరు తెరిచే ఉంది. అందులోంచి లోపలా బయటా కలిసి ఒకటే ముద్దయిపోయాయి.

"కుక్కరెయ్యలేదేటే?" అని బయటినుంచి కేక.

జయంతి గొట్టానికి మూత గీసింది. తర్వాత లేచివెళ్లి గది తలుపు గడియ పెట్టింది. ఈ ఇంటికొచ్చాక పగటిపూట ఆ గడియ పెట్టడం అదే మొదలు.

తెర మీద లోపలి చోటు లేతనీలంగా తేలింది. చుట్టూ రేకు లేదు, మూత లేదు. మెల్లగా తిప్పుతూ చూసింది. కిటికీలోంచి వాన వెలుతురు గదంతా పరుచుకుంది. తానే అందులోకి దిగినట్టనిపించింది. అత్తగారి కేకలు ఎక్కడో నీళ్లకవతలి నుంచి వస్తున్నాయి. అక్కడ అమ్మ పాట ఉంది, క్లాసుకని ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైల్లో ఒంటరిగా వెళ్లిన పొద్దులున్నాయి, అనబోయి మింగేసిన మాటలన్నీ ఉన్నాయి. ఇంత చోటుందా తనలో? వండింది, ఉతికింది, ఇంతవరకే ఇంట్లోవాళ్లు లెక్కవేశారు. తనూ అంతే లెక్కవేసుకుంది. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఎందుకో హాయిగానూ ఉంది.

అంకె పంపిన కాసేపటికి మొగుడి ఫోనొచ్చింది.

"సరిగ్గానే ఉందంట. ఎలాగొచ్చిందో సెప్పమంటన్నాడు ఊ మ్యో. బేగి సెప్పు, నేను ఆయనకి సెప్తాను."

రెండు మాటల్లో చెప్పేయొచ్చు. ఎప్పుడూ అలాగే చెప్పింది.

"ఊ మ్యోని ఉండమను. నేనే వచ్చి సూపిస్తాను."

"నువ్వా? ఇక్కడికా? ఆయనేటనుకుంటాడు?"

"ఎవరు గీశారో తెలిసిందనుకుంటాడు."

బుగ్గలకు ఇక్కడి ఆడవాళ్లలా తనాఖా చెక్క గంధం రాసుకుంది. లాప్‌టాపూ గొడుగూ తీసుకుని గడియ తీసింది. గుమ్మంలోనే అచ్చమ్మ.

"ఏటే, ఎక్కడికి? కరెంటు పోతాది, అన్నం ఎవులు పెడతారు?"

"బియ్యం కడిగే ఉన్నాయత్తా" అంటూ జయంతి మోటారు కట్టేసి చెప్పులు వేసుకుంది. "కుక్కరు మీట మీ చేతికి అందుతాది."